బొమ్మ నోట నా గొంతు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెప్తాను. మా జంషెడ్‌పూర్‌ బారిడీహ్ క్వార్టర్లో పిల్లి గిన్నెడు పాలు తాగిందంటే, ఆ కబురు నా నోట సాక్చి బజారు చేరేసరికి పిల్లి పులవుతుంది, గిన్నె గంగాళమవుతుంది, ఆ గంగాళాన్ని కూడా పులి నమిలేసి ఉంటుంది. మా ఆవిడ నా మాటల్ని బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరి, మిగిలింది నమ్ముతుంది. మీరూ అలాగే చదవండి. ఈ కథలో చాలాచోట్ల సాగదీశాను, ఉబ్బించాను, రంగు పూశాను. అవన్నీ నిజానికి తొడిగిన చొక్కాలే. లోపల మనిషే లేకుండా చొక్కా ఒక్కటే నిలబెట్టిన చోటు మాత్రం ఒకటుంది. అదేదో చివర చెప్తాను.

నేను మగ నర్సుని. పెళ్ళిచూపుల్లో ‘ఆసుపత్రిలో ఉద్యోగం’ అన్న మాటకి మా మావగారు డాక్టరనుకుని లడ్డూ పెట్టించారు. సంగతి తెలిశాక పళ్ళెం వెనక్కి లాక్కున్నారు. అప్పటికే లడ్డూ నా నోట్లో ఉంది కాబట్టి పెళ్ళి జరిగింది. వార్డుల్లో రోగుల్ని ఎత్తీ దింపీ నా నడుం కొడవలిలా వంగాక, నన్ను నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పమన్నారు. చివరి కొన్నేళ్ళూ స్కిల్ ల్యాబ్ నా చేతికిచ్చారు. ఆ నడుం వల్లే పోయినేడు, వయసింకా ఉండగానే, ఉద్యోగం వదిలేశాను. నర్సింగ్ చదువుతున్న పిల్లలూ, ఇది మీకోసం రాస్తున్నాను.

స్కిల్ ల్యాబ్ అంటే అబద్ధపు వార్డు. మంచం నిజం, దుప్పటి నిజం, తక్కినదంతా నాటకం. సెలైన్ సీసాల్లో కుళాయి నీళ్ళు. మందుల డబ్బాల్లో గాలి. మంచం మీద బొమ్మ.

ఆ బొమ్మ గురించి చెప్పాలి. నిలువెత్తు మగ మనిషి. రబ్బరు చర్మం, మణికట్టు దగ్గర నాడి, ఊపిరికి లేచి పడే ఛాతీ, వాటంతటవే మూసుకు తెరుచుకునే రెప్పలు. కంట్లో టార్చి వేస్తే నల్లగుడ్డు చిన్నదయ్యేది. పిల్లలు దాన్ని ‘చాచా’ అనేవాళ్ళు, అంటే బాబాయ్. సాయంత్రం స్విచ్చి కట్టేసి, ముఖం మీదికి దుప్పటి లాగి బయటికొచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదని ల్యాబ్‌లో ఒక కట్టుబాటు. చూసినవాళ్ళకి దుప్పటి కింద ఛాతీ ఇంకా మెల్లగా లేచి పడుతూ కనబడేది. గొట్టాల్లో మిగిలిపోయిన గాలి అన్నాడు మెకానిక్. ఆ మాట అతను గడప అవతల నిలబడి అన్నాడు.

ఆ గది ఒకప్పుడు శవాల కొట్టు అని స్కూలంతా చెప్పుకునేది. నిజానికది దుప్పట్ల కొట్టు. శవాల సంగతి పుట్టించింది నేనే. పిల్లలు బొమ్మని బొమ్మలా కాక కాస్త భయంతో, భక్తితో ముట్టుకుంటారని. ఏళ్ళ తరబడి చెప్పగా చెప్పగా, ఆ నడవలో ఒంటరిగా నడిచేటప్పుడు నాకే వీపు మీద చెమట పట్టడం మొదలైంది.

బొమ్మకి నోరిచ్చింది కూడా నేనే. గదిలో ఒక గోడకి నిలువెత్తు అద్దం ఉండేది. వార్డు వైపు నుంచి చూస్తే మామూలు అద్దం, మన ముఖమే కనబడుతుంది. దాని వెనక చీకటి గూడులో కూర్చుని చూస్తే వార్డంతా కనబడుతుంది. ఆ గూట్లో నేను. నా ముందొక మైకు, ఒక కంప్యూటర్. నేను మైకులో మూలిగితే బొమ్మ నోట మూలుగు. నేను మీట నొక్కితే మంచం పక్కన తెర మీద బీపీ పడిపోతుంది, నాడి పరుగెడుతుంది. బొమ్మ చెవుల్లో ఉన్న మైకుల్లోంచి వార్డు మాటలన్నీ నా హెడ్‌ఫోన్లలో పడతాయి. నా గొంతు బొమ్మ నోట పలికి, బొమ్మ చెవిలో దూరి, మళ్ళీ నా చెవికి చేరడానికి ఒక్క క్షణం ఆలస్యమయ్యేది. నేను ‘అబ్బా’ అనేవాణ్ణి. నేను ఊరుకున్నాక అది ‘అబ్బా’ అనేది. మొదటి నెలలో ఇంటికెళ్ళి అన్నం తింటున్నా ఎవరో వెనక నా మాట తిప్పి అంటున్నట్టుండేది.

పిల్లలు తలుపు తోసి తొంగి చూస్తే నాటకం పాడవుతుందని లోపల గొళ్ళెం పెట్టుకునేవాణ్ణి. మూలుగులు నేరుగా వినబడకుండా గోడలకి పాత పరుపులు కొట్టించాను. సమాధి కూడా అంత శ్రద్ధగా కట్టరు.

ఇక మా ల్యాబ్‌లో పాతుకుపోయిన ఒక ఆచారం. పిల్లలకి ఒక కేసు ఇస్తాం. ఏం జరుగుతోందో వాళ్ళే చూసి, వాళ్ళే తేల్చుకోవాలి. ఎక్కడో తడబడి ఆగిపోతారు. ఆగిపోగానే రోగివైపు చూడరు, అద్దంవైపు చూస్తారు. ఆ బిక్కముఖాలు చూసి నా మనసు వెన్నై కరిగి, గూడంతా వెన్న నిండిపోయేది. బొమ్మ చేత ‘దాహం, దాహం’ అనిపించేవాణ్ణి. వెంటనే పిల్ల ‘రక్తస్రావం సార్’ అనేది. దానికి చాచా హింట్ అని పేరు. బ్యాచ్ తర్వాత బ్యాచ్ మా దగ్గర రోగి జబ్బు కనిపెట్టడం నేర్చుకోలేదు. నా మనసులో ఏముందో కనిపెట్టడం నేర్చుకున్నారు. అందులో మాత్రం ఆరితేరారు.

ఒక్క పిల్ల తప్ప.

ఆ పిల్లది బాగ్‌బేరా, రైల్వే యార్డు పక్క ఇల్లు. మావాళ్ళే, శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడు వచ్చినవాళ్ళు. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది. అందులో వింతేం లేదు, మా ఇంట్లో పిల్లలూ అంతే. వింతేమిటంటే అది హింట్ తీసుకునేది కాదు. బొమ్మ ‘దాహం’ అంటే, దాహం ఎందుకా అని మొదట్నుంచీ వెతకడం మొదలెట్టేది. గోళ్ళు చూసేది, పొట్ట నొక్కేది, దుప్పటి ఎత్తి పరుపు తడిమేది. ఈలోగా టైమైపోయేది. ఈ ప్రాక్టికల్ అప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోది ఆఖరిది. అదీ తప్పితే పేరు కొట్టేసి ఇంటికి పంపేస్తారు.

తోటి ట్యూటర్ ఒకావిడ ఉండేది, బరంపురం వైపు తెలుగావిడ. సమస్య పరిష్కరించే తెలివి ఏ పిల్లకుంటుంది, ఏ పిల్లకుండదు అన్నది ఆవిడకి పెద్ద చింత. మధ్యాహ్నం డబ్బాలు తెరవగానే మా ఇద్దరి మధ్యా అదే యుద్ధం.

“ఇంగ్లీషు రావాల మాస్టారూ. పుస్తకం అర్థమయితేనే కదా బుర్ర నడిచేది,” అనేది ఆవిడ.

“మరి ఇంగ్లీషొచ్చిన మీ చిలక మొన్న బొమ్మ కుడి చేతికి కట్టు కట్టమంటే ఎడమ చేతికి కట్టిందేటి?” అనేవాణ్ణి.

“అది భయం. ధైర్యం ఇంటికాడ రావాల. తల్లీతండ్రీ నలుగుర్లో మాటాడనిస్తే పిల్లకి ధైర్యం వత్తాది.”

“మీ తల్లీతండ్రీ మిమ్మల్ని బాగా మాటాడనిచ్చినట్టున్నారు.”

“మీ నోరు సూసే కదండీ ఆ బొమ్మకి మిమ్మల్ని పెట్టారు,” అని ఆవిడ పచ్చడి నావైపు తోసేది. “ఆ బాగ్‌బేరా పిల్ల గురించి చెప్తన్నా, రాసుకోండి. మంచి పిల్లే. బుర్ర కూడా ఉన్నాది. దానికి తాళం పడిపోనాది, అంతే. ఈసారీ పోతాది.”

నాకూ అలాగే అనిపించింది. పరీక్ష ముందురోజు పిల్లని పిలిచి బుద్ధి చెప్పాను. “అమ్మా, చాచా ఏటంటే అది అందుకో. వెతకొద్దు. గట్టెక్కేస్తావు.”

పిల్ల తల వంచుకుని, “మేరీ దాదీ బోల్ నహీ సక్తీ, సర్. హింట్ కౌన్ దేగా?” అంది. మా నానమ్మకి మాట లేదు సార్, హింట్ ఎవరిస్తారు, అని. పక్షవాతంతో నోరు పడిపోయి, ఎన్నో ఏళ్ళుగా మంచంలో ఉన్న నానమ్మని ఆ పిల్లే చూసుకునేదట. నొప్పెక్కడో, దాహమో, తడిసిందో, ముసలామె చెప్పలేదు. వెతకాల్సిందే. బాగుంది గానీ, పరీక్షకి పనికిరాదు అనుకున్నాను.

పరీక్షరోజు వాన. జంషెడ్‌పూర్‌లో వాన నాకు కొత్త కాదు గానీ, ఆ రోజు ఆకాశం కార్ఖానా పొగగొట్టాల మీద కూర్చుందనిపించింది. పట్టపగలు నడవలో దీపాలు వేశారు. రాంచీ నుంచి రావాల్సిన బయటి ఎగ్జామినర్ మేడమ్, ఘాట్ రోడ్డు మీద చెట్టు పడి, బాగా ఆలస్యంగా దిగింది. దిగుతూనే, “లంచ్ వంచ్ కుఛ్ నహీ, సీధా షురూ కీజియే,” అంది. భోజనం లేదు గీజనం లేదు, నేరుగా మొదలెట్టండి, అని. తనకి మాత్రం టీ కావాలంది, చక్కెర ఎక్కువేసి.

అప్పటికే నేను భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ సూది వేసుకున్నాను. అవును, నాకు షుగర్. సూది వేసుకున్నాక అన్నం తినకుండా కూర్చోకూడదని వందల మంది పిల్లలకి బల్ల గుద్ది చెప్పిన నోరిది. అదే నోరు మూసుకుని, గూట్లో దూరి, గొళ్ళెం పెట్టుకుంది. కేసు మధ్యలో బొమ్మని వదిలేసి బయటికి రావడం మా పద్ధతి కాదు.

కేసు ఇదీ. పొట్ట ఆపరేషన్ అయిన రోగికి లోపల రక్తం కారుతోంది. నేను బీపీని మెట్టు మెట్టుగా దించాలి. పిల్లలు కట్టు చూసి, పొట్ట చూసి, గ్రహించి, డాక్టర్ని పిలవాలి. ఎగ్జామినర్ కోసం బొమ్మ హిందీలోనే మాట్లాడుతుంది.

మొదట వచ్చినవాడు క్లాసు టాపర్. పుస్తకం మింగి, అట్ట కూడా నమిలిన బాపతు. వాడు వరసగా మెట్లు వల్లిస్తున్నాడు. నేను తెర మీద బీపీ ఒక మెట్టు దించాను. అప్పుడు నా చెయ్యి నాదిలా అనిపించలేదు. వేళ్ళు వణుకుతున్నాయి. మెడ వెనక చన్నీళ్ళు పోసినట్టు చెమట. అద్దం అవతల వార్డు నీళ్ళలో మునిగినట్టు ఊగింది. ఏం జరుగుతోందో నాకు తెలిసిపోయింది, రక్తంలో చక్కెర పడిపోతోంది. పాతికేళ్ళుగా నర్సుని, ఆ మాత్రం తెలియదా? లేవబోయాను. కాళ్ళు లేవలేదు.

పిలిచాను. పిలవడానికి నాకున్నది ఒక్క నోరే. అది మంచం మీద ఉంది.

“చీనీ... చీనీ దో,” అంది బొమ్మ. చక్కెర ఇవ్వండి, అని.

టాపర్ ముఖం వెలిగిపోయింది. చాచా హింట్ ఇచ్చాడు కదా. “మేడమ్, ఐ విల్ చెక్ బ్లడ్ షుగర్,” అని ట్రేలో ఉన్న, బ్యాటరీ చచ్చిన షుగర్ పరికరం తీసి, బొమ్మ వేలు పొడిచి, మంచం పక్క తెర మీదున్న షుగర్ అంకె చదివి, “నార్మల్ హై, మేడమ్,” అన్నాడు. రాంచీ మేడమ్ మెచ్చుకుంటూ తలూపింది. ఈ కేసులో షుగర్ కూడా చూసిన పిల్లాణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదట.

“మైఁ మర్ జావూంగా,” అంది బొమ్మ. చచ్చిపోతాను, అని.

“ఘబ్‌రాయియే మత్ చాచా, హమ్ హై నా,” అని టాపర్ దాని రబ్బరు భుజం తట్టాడు. కంగారు పడకు, మేమున్నాం కదా, అని. ఆ ఓదార్పు హెడ్‌ఫోన్లలో హాయిగా వినబడింది. అద్దాన్ని గుద్దాను. దూదితో గుద్దినట్టుంది. ఆ గోడలకి పరుపులు కొట్టించిన మహానుభావుణ్ణి నేనే.

ఇక్కణ్ణుంచి నాకు సగమే గుర్తు. తక్కిన సగం ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు, నేను నాలుగో రకంగా రాస్తున్నాను.

నాకు గుర్తున్నది ఇది. నా పెదాలు కదలడం ఆగిపోయాక కూడా బొమ్మ మాట్లాడుతూనే ఉంది. ఒక్క క్షణం ఆలస్యం అన్నానే, ఆ క్షణం సాగి సాగి పెద్దదైంది. నేను గూట్లో కూర్చున్నానో, మంచం మీద పడుకున్నానో తేడా తెలియలేదు. ముఖం మీద దుప్పటి అంచు తగులుతున్నట్టే ఉంది. పైన దీపం, చుట్టూ తెల్ల కోట్లు, అందరూ నన్నే చూస్తున్నారు, ఎవరికీ నేను కనబడటం లేదు. బొమ్మ అద్దంవైపు తల తిప్పి నన్ను చూసింది. బొమ్మకి మెడ తిప్పే యంత్రం లేదు. ఆ సంగతి నాకప్పుడు కూడా గుర్తుంది, అందుకే ఎక్కువ భయం వేసింది.

టాపర్ పరీక్ష ముగిసింది. మా పద్ధతిలో, ముగించినవాడు తర్వాతివాళ్ళకి సాయంగా పక్కనే నిలబడతాడు. బాగ్‌బేరా పిల్ల లోపలికొచ్చింది.

అప్పటికి బొమ్మ హిందీ వదిలేసింది. “అమా... సీకటైపోతంది... ఎవులున్నారక్కడ...” అంటోంది. మా అమ్మ పోయాక అంత పచ్చి యాసలో నేనెవరితోనూ మాట్లాడలేదు. బరంపురం మేడమ్ ఎగ్జామినర్ పక్కనే కూర్చుని ఉంది, ప్రతి ముక్కా అర్థమైంది. ఆవిడ రాంచీ మేడమ్ చెవిలో, “హమారే మాస్టర్‌జీ కలాకార్ హై,” అందట. మా మాస్టారు కళాకారుడు, అని. ఇన్నేళ్ళూ నేను చేసుకున్న పుణ్యం అది. నిజంగా చస్తున్నా చప్పట్లే.

పిల్ల మంచం దగ్గరికొచ్చి మెట్లు వల్లించలేదు. కట్టు చూసింది. పొట్ట చూసింది. తెర చూసింది. బొమ్మ ముఖం చూసింది. మళ్ళీ తెర చూసింది. మాట ముద్దముద్దగా పడిపోతోంది గానీ తెర మీద అంకెలు మాత్రం టాపర్ వదిలిన చోటే కదలకుండా నిలబడ్డాయి. రోగి మునిగిపోతున్నాడు, అంకెలు ఒడ్డున కూర్చున్నాయి.

“టైమ్ జా రహా హై,” అని టాపర్ గొణిగాడు. టైమైపోతోంది. “షుగర్ బోల్ దే. హింట్ వహీ హై.” షుగరని చెప్పెయ్, హింట్ అదే.

పిల్ల వాడి మాట వినలేదు. బొమ్మ కళ్ళ ముందు రెండు వేళ్ళు చాపి, “చాచా, కిత్నీ ఉంగ్లీ?” అంది. ఎన్ని వేళ్ళు? ఏ కేసులోనైనా ఆ ప్రశ్నకి నేను చమత్కారంగా ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆ రోజు బొమ్మ నోట్లోంచి వచ్చింది ఒక మూలుగు, ఆ వెనక ఏదో బల్ల మీదికి వాలిన చప్పుడు. బొమ్మ మంచం మీద పడుకుని ఉంది. దాని దగ్గర బల్ల లేదు.

పిల్ల మంచం వదిలి నడిచింది.

“పేషెంట్ కో ఛోడ్‌కే జావోగీ తో ఫెయిల్,” అంది రాంచీ మేడమ్. రోగిని వదిలి వెళ్తే తప్పినట్టే. ఆ మాట ఆ పిల్లకి ఏమిటో మీకు తెలుసు. బరంపురం మేడమ్ కూడా, “ఏటే, ఎక్కడికి? ఎనక్కి రా,” అని పళ్ళ మధ్య నుంచి గదిమింది.

పిల్ల ఆగింది. “పేషెంట్ ఇధర్ నహీ హై, మేడమ్,” అంది. రోగి ఇక్కడ లేడు.

ఆ గొంతులో వణుకు లేదు. నిండు గోదారిలా నిబ్బరంగా ఉంది. గూటి తలుపు తోసింది. గొళ్ళెం. పిలిచింది. పరుపులు ఆ పిలుపుని మింగేశాయి. అప్పుడు పిల్ల అద్దం ముందుకొచ్చి నిలబడి, తన ముఖాన్ని తనే చూసుకుంటూ ఒక్క క్షణం ఆలోచించి, “లైట్ బంద్ కరో. సబ్,” అంది టాపర్‌తో. దీపాలన్నీ ఆర్పెయ్, అని. వాడు జన్మలో మొదటిసారి కారణమడక్కుండా చెప్పింది చేశాడు.

వార్డు చీకటైంది. గూట్లో నా ముందు కంప్యూటర్ తెర వెలుగు ఉంది. చీకటి అటు మారగానే అద్దం అద్దం కాకుండా పోయింది. ఇన్నేళ్ళూ పిల్లలు తమ ముఖాలు చూసుకున్న చోట, నీలం వెలుగులో, బల్ల మీద చెంప ఆనించి, కళ్ళు సగం తెరిచి, మైకు ముందు నోరు కదుపుతూ నేను తేలాను. నా నోరు కదిలింది. చీకట్లో వెనక, మంచం మీద నుంచి, “ఎవులున్నారక్కడ...” అని వినబడింది.

రాంచీ మేడమ్ కుర్చీలోంచి లేచి హనుమంతుణ్ణి తలుచుకుంది. టాపర్ స్విచ్చుల పెట్టెకి బల్లిలా అంటుకుపోయాడు. బరంపురం మేడమ్ మాత్రం తెలుగులో, “అయ్యో నా తండ్రీ, ఈయన ఆడతన్నాడనుకున్నానే,” అంది.

తలుపు బద్దలుకొట్టాలంటే టేకు తలుపు, ఇనప గొళ్ళెం. వాచ్‌మన్ గేటు దగ్గరున్నాడు, మధ్యలో వాన. పిల్ల అద్దంలోంచి చూసింది. నా కుడిచెయ్యి గొళ్ళేనికి జానెడు దూరంలో వేలాడుతోంది. నేను బయటి చప్పుడేదీ వినలేను. ఒక్క చోటు నుంచి తప్ప.

పిల్ల చీకట్లో మంచం దగ్గరికెళ్ళి, బొమ్మ మీదికి వంగి, దాని చెవిలో నోరు పెట్టింది. ఆ దృశ్యం తలుచుకుంటే బరంపురం మేడమ్‌కి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుందట. చచ్చినవాడి చెవిలో బతికున్నవాణ్ణి పిలుస్తున్నట్టుంది అంది.

నా తలలో, నా రెండు చెవుల మధ్య, ఒక ఆడ గొంతు తెలుగులో మాట్లాడింది. ఆ పిల్ల తెలుగులో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

“సార్. నానే. కుడి సెయ్యి పైకెత్తండి. గొళ్ళెం ఉన్నాది అక్కడ. పైకెత్తండి సార్. ఇంకొంచెం. అద్గదీ. ఇప్పుడు ఎనక్కి లాగండి.”

ఎక్కడి గొంతో, ఎవరి చెయ్యో నాకు తెలియలేదు. చెయ్యి వెళ్ళింది. గొళ్ళెం కదిలింది.

తలుపు తెరుచుకోగానే టాపర్ ప్రాణం తెచ్చుకుని ట్రేలోంచి గ్లూకోజ్ సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అంతకుముందు వేసవిలో నేనే స్నానాల గది కుళాయి కింద నింపిన సీసా. పిల్ల దాన్ని చూడను కూడా చూడలేదు. ఆ గదిలో ఏది నిజం ఏది నాటకం అని చుట్టూ వెతికింది. నిజమైంది ఒక్కటే దొరికింది. తిన్నగా వెళ్ళి రాంచీ మేడమ్ చేతిలో ఉన్న టీ కప్పు లాక్కుంది. అడగలేదు కూడా. నా తల ఎత్తిపట్టి, మింగగలుగుతున్నానో లేదో ఒక గుక్కతో చూసి, ఆ తియ్యటి చల్లారిన టీని, ఒక్క చుక్క ఒలకకుండా, ప్రశాంతంగా నాకు తాగించింది. ఆ పిల్ల కళ్ళలో భయం లేశమైనా లేదు. రాతి విగ్రహంలా నిలబడి నా నాడి చూసింది.

కాసేపటికి వార్డు నీళ్ళలోంచి పైకి తేలింది. దీపాలు వేశారు. ఎవరో వాన వెలిసిందన్నారు. బరంపురం మేడమ్ తన డబ్బాలోని అన్నం ముద్దలు చేసి నా నోట్లో కుక్కుతూ, “ఇంకెప్పుడైనా తిండి మానేశారంటే నానే మిమ్మల్ని ఆ మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పేత్తాను,” అని తిడుతోంది.

పిల్ల గోడవారన నిలబడి ఉంది. రాంచీ మేడమ్ కళ్ళజోడు సర్దుకుని మంచంవైపు చూపించి, “వో అభీ భీ బ్లీడ్ కర్ రహా హై,” అంది. వాడికింకా రక్తం కారుతూనే ఉంది, అని.

పిల్ల అర్థం చేసుకుంది. చేతులు కడుక్కుని, వెనక్కెళ్ళి మంచం పక్కన నిలబడింది. గూట్లో ఎవరూ లేరు. తెర మీద అంకెలు కదలవు, బొమ్మ నోరు విప్పదు. బతికినా చచ్చినా ఒకేలా ఉండే ఆ రబ్బరు ముఖం మీదికి వంగి, పిల్ల గోళ్ళు చూసింది, పొట్ట నొక్కింది, దుప్పటి ఎత్తి పరుపు తడిమింది. కట్టు కింద నేను ముందే పెట్టి ఉంచిన ఎర్రరంగు గుడ్డ దొరికింది. డాక్టర్ని పిలవమని చెప్పింది. హింట్ లేకుండా ఆ కేసు తేల్చిన మొదటి మనిషి ఆ పిల్లే. పాసైంది, అత్తెసరు మార్కులతో. మెట్లు వల్లించనందుకు కోయాల్సిన మార్కులు కోశారు. రాంచీ మేడమ్ న్యాయం అలాంటిది, టీ పోయినా ఒక మార్కు ఎక్కువివ్వలేదు, ఒకటి తక్కువివ్వలేదు.

ఆ తర్వాత మా ల్యాబ్‌లో హింట్ ఆచారం పోయింది. పిల్లలు తడబడి అద్దంవైపు చూస్తే, నేను మైకు మీద చెయ్యి కప్పి కూర్చునేవాణ్ణి. చాలా కష్టంగా ఉండేది. వెన్న కరిగేది, కరిగి చల్లారేది. కాసేపటికి పిల్లలు విసిగిపోయి అద్దం వదిలేసి రోగివైపు తిరిగేవాళ్ళు. తెలివి ఎక్కణ్ణుంచి వస్తుందని బరంపురం మేడమూ నేనూ డబ్బాల మీద చేసిన యుద్ధానికి ఇంకా తీర్పు రాలేదు. ఇంగ్లీషు కావాలేమో, ఇల్లు కావాలేమో. నాకు తెలిసిందల్లా, అడిగితే జవాబు దొరకని చోట కొన్నాళ్ళు గడిపినవాళ్ళు వెతకడం నేర్చుకుంటారు. మేము ఆ చోటు లేకుండా చేస్తూ వచ్చాం, జాలితో.

ఇప్పుడు నేను అల్లిన ముక్క ఏదో చెప్పాలి. మీరు బొమ్మ అంటారు, అద్దం అంటారు, చీకట్లో నా ముఖం అంటారు. కాదు. అవన్నీ జరిగాయి, ముగ్గురు సాక్షులున్నారు. నేను అల్లింది ఆ పిల్ల ధైర్యం. నిండు గోదారి, రాతి విగ్రహం, ఒక్క చుక్క ఒలకకుండా, అవన్నీ నావి. ఎన్నో బ్యాచ్‌లకి అలాగే చెప్పాను. భయం లేని మనిషైతే కథలో బాగా నిలబడుతుందని. పోయినేడు ఒక కొత్త పిల్ల ఈ కథ విని, ‘నా చేతులు వణుకుతాయి సార్, ఈ చదువు నాకు కాదేమో’ అని సామాను సర్దుకుంది. ఆ పిల్లకి నిజం చెప్పి ఆపాను. మీకూ చెప్తున్నాను.

ఆ రోజు ‘రోగి ఇక్కడ లేడు’ అన్న మాట సగంలో విరిగిపోయింది. లైట్లు తియ్యమని చెప్పడానికి నోరు రాక, చేత్తో స్విచ్చులవైపు చూపించింది. నా హెడ్‌ఫోన్లలో పడింది నిబ్బరమైన గొంతు కాదు, వెక్కిళ్ళు. వెక్కిళ్ళ మధ్య, ముక్కు ఎగబీల్చుకుంటూ, ‘గొళ్ళెం సార్... గొళ్ళెం...’ అని. టీ తాగించేటప్పుడు చేతులు ఎంత వణికాయంటే, సగం కప్పు నా గడ్డం మీద, చొక్కా మీద పోసింది.

తక్కిన సగం నోట్లో పడింది. అది సరిపోయింది.